నాన్నగారి 1973 ఫియట్: ముందు ఇంజినా, కాగితాలా?

రేకులషెడ్డు, మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2019లో పోయారు. ఆయన కారు అప్పటి నుంచి మా రైసుమిల్లు వెనక రేకుల షెడ్డులోనే ఉంది. 1973 మోడల్ ఫియట్. ఆర్‌సీ పుస్తకంలో ‘ప్రీమియర్ ప్రెసిడెంట్’ అని ఉంది. పద్మిని అనే పేరు ఆ తరువాతి ఏడాది వచ్చిందట. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. నంబరు మూడు ఇంగ్లీషు అక్షరాల పాత నంబరు. రిజిస్ట్రేషన్ గడువు 2018లోనే తీరిపోయింది.

పోయిన ఆదివారం మొదటిసారి తలుపులు తీశాను. వెనక సీటును కోళ్ళు కాపురానికి పెట్టుకున్నాయి. డ్రైవరు వైపు రబ్బరు చాప ఎత్తితే కింద గోనెపట్టా తడిసి కుళ్ళి, దాని కింద రేకు అప్పడంలా విరిగింది. అక్కడే చదరపు ఐదు పైసల బిళ్ళ ఒకటి దొరికింది. ఇంజిన్ జామ్ అయింది, పానా పెట్టి తిప్పినా తిరగడం లేదు. రేడియేటరులో పోసిన నీళ్ళు కిందికి దిగడం లేదు.

మా అమ్మకు ఒకటే కోరిక: ఈ కారులో నాగార్జునసాగర్ వెళ్ళి రావాలి. మేనల్లుడి కోరికలు వేరు. మారుతి ఓమ్ని ఇంజిన్ వేద్దాం, గేరు కిందికి దించుదాం, నల్ల రంగు కొట్టిద్దాం అంటున్నాడు. పదిహేనేళ్ళు దాటింది కాబట్టి తుక్కుకు వేయక తప్పదని పక్కింటాయన అంటున్నాడు. వింటేజ్ నంబరు తీసుకోమని మిల్లు గుమాస్తా సలహా. ఎవరి మాట వినాలి? ముందు దేని మీద డబ్బు పెట్టాలి?

సూర్యాపేట65

పదిహేనేళ్ళకు తుక్కు అనేది ఢిల్లీ పరిసరాల గొడవ. అక్కడ పెట్రోలు బండికి 15, డీజిలు బండికి 10 ఏళ్ళ హద్దు పెట్టారు. మన దగ్గర సొంత కారు తనిఖీలో నిలబడితే ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. పక్కింటాయనకు కారు మీద కన్నుందేమో చూడండి.

హాలియా పాతపానా

నేను ముప్పై ఏళ్ళు గ్యారేజీ నడిపి, మోకాళ్ళు సహకరించక మానేసినవాణ్ణి. వరస తప్పినా నాకు తెలిసింది రాస్తాను.

మేనల్లుణ్ణి కాసేపు పక్కన కూర్చోబెట్టండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019లో ఇదే చెప్పింది. అనుమతి లేకుండా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మీ ఆర్‌సీలో ఉన్నది 1089 సీసీ పెట్రోలు ఇంజిన్. దాని చోట ఓమ్ని ఇంజిన్ కూర్చోబెడితే ఇంజిన్ నంబరు కలవదు, సీసీ కలవదు, రేపు ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు మొదట పట్టుకునేది అదే. రంగు మార్చుకోవచ్చు గానీ ముందే ఆర్టీఏ కార్యాలయంలో అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. అయినా ఆ కాలపు ఫియట్‌కు నలుపెందుకు? మన ఎండకు లోపల కూర్చున్నవాడు ఆవకాయ అవుతాడు.

వింటేజ్ నంబరు సంగతి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసిస్ (బండి కింది చట్రం), బాడీ, ఇంజిన్‌లకు పెద్ద మార్పులు జరగని సొంత బండ్లకు 2021లో ఆ నియమాలు వచ్చాయి. మీ బండికి వయసు సరిపోతుంది. కొత్తగా తీసుకుంటే 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. గుమాస్తా మీకు చెప్పనిది ఒకటుంది. ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజువారీ అవసరాలకు రోడ్డెక్కించకూడదు. అమ్మగారిని సాగర్ తీసుకెళ్ళాలంటే మీకు కావలసింది మామూలు పొడిగింపు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్ళు దాటిన కారుకు దాని రుసుము 10,000 అయింది. గడువు దాటిన నెలలకు నెలకు 500 చొప్పున అదనం, ఆ లెక్క కార్యాలయంలోనే తేలాలి.

ముందు బండి మీ పేరుకు మారాలి. యజమాని చనిపోతే ఫారం 31, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. పొడిగింపుకు ఫారం 25. పాత రిజిస్టర్లలో ఉన్న నంబరు కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో మొదటే అడగండి. ఎక్కకపోతే ఎక్కించుకోవడమే మొదటి పని, దానికి ఓపిక ఒక పీపాడు కావాలి.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. ఈ బండికి లారీలా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. నంబరు ఇంజిన్ గదిలో రేకు మీద కొట్టి ఉంటుంది. టింకరింగ్ (రేకు పని) చేసేవాడు తుప్పు కనిపించగానే గ్రైండరు పట్టుకుంటాడు. వాణ్ణి ఆ చోటికి రానివ్వకండి. తనిఖీలో చూసేది ఆ అంకెలే. ఈరోజే కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకోండి. ఇంజిన్ నంబరుకూ అంతే.

జామ్ అయిన ఇంజిన్‌కు సెల్ఫ్ కొట్టకండి, తాడు కట్టి లాగకండి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో రెండు చెంచాల డీజిలు, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి వారం వదిలేయండి. రోజుకోసారి క్రాంకు పుల్లీ నట్టు మీద పానా పెట్టి అటూ ఇటూ వెంట్రుకవాసి కదపండి. తిరుగుతుంది.

రేడియేటరు దోషం కారుది కాదు, మన నీళ్ళది. నల్లగొండ బోరు నీళ్ళు మనుషుల ఎముకలనే వదల్లేదు, ఇంజిన్‌ను వదులుతాయా? ఎముకలను పట్టింది ఫ్లోరైడ్, ఇంజిన్‌ను పట్టేది సున్నం. నా గ్యారేజీలో హెడ్డు విప్పితే నీటి దారుల్లో తెల్లటి పెచ్చు వేలెడు మందం కనిపించేది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే చిప్పలుగా ఊడేది. రేడియేటరును విప్పి రాడింగ్ (గొట్టాల్లోకి పుల్లలు దూర్చి శుభ్రం చేయడం) చేయించండి, ఇంజిన్ గొట్టాలూ కడిగించండి. ఆ తరువాత డిస్టిల్డ్ నీళ్ళూ కూలెంటూ తప్ప బోరు చుక్క పడనివ్వకండి.

రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉంటుంది, పాత రబ్బరును అది మెత్తబరుస్తుంది. కార్బొరేటరు గ్యాస్కెట్లదీ అదే కథ. పెట్రోలు ట్యాంకుకు చిల్లి ఉంటే వెల్డింగ్ మాట ఎత్తకండి. నిండు ట్యాంకుకన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, వాటికి బ్రేకు ఆయిలు వెళ్ళే లైను ఒకటే. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. బ్రేకు రబ్బరు కప్పులు, గొట్టాలు కొత్తవి వేయండి. డ్రమ్ములో దుమ్మును గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగులో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి.

రంగు అన్నిటికన్నా చివర. తుప్పు మీద లప్పం మెత్తి రంగు కొట్టిన బండ్లను చాలా చూశాను, మొదటి వానకే బొబ్బలెక్కాయి.

జీపువాలా, జడ్చర్ల

పాతపానా గారి మాటకు నా జేబే సాక్ష్యం. పాత జీపు ఒకటి కొన్నాను. అమ్మినాయన ఎవరో చెప్పను. పెట్రోలు ఇంజిన్ తీసి ప్యూజో డీజిలు ఇంజిన్ వేశారని, ఆర్‌సీలో పెట్రోలు అనే ఉందని పొడిగింపుకు వెళ్ళాకే తెలిసింది. బానెట్ ఎత్తిన అధికారి ఒక్క మాటా అనలేదు, పొడిగించకుండా కాగితం తిరిగి నా చేతిలో పెట్టారు. సరైన ఇంజిన్ వెతకడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ డీజిలు ఇంజిన్ ఇప్పుడు మా బావి దగ్గర నీళ్ళు తోడుతోంది.

సామాను కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ తిరగండి. అక్కడ లేనిది చెన్నై పుదుపేటలో ఉండవచ్చు. ఫియట్ కాబట్టి ముంబై దుకాణాలనూ అడగండి. అక్కడ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి, సామాను ఇంకా మిగిలి ఉంటుంది.

రేకులషెడ్డు, మిర్యాలగూడ

పాతపానా అన్నగారూ, తొమ్మిదో రోజు పుల్లీ కదిలింది. వేలెడంతే, కానీ కదిలింది. నాకన్నా ముందు మేనల్లుడు అరిచాడు. ఓమ్ని ఇంజిన్ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

చాసిస్ నంబరు ముద్ర తీశాం. ఆర్‌సీలో చివరి అంకె ‘1’, రేకు మీద ‘7’ లాగా ఉంది. గుండె జారింది. మళ్ళీ తుడిచి చూస్తే అడ్డగీత తుప్పు మరక.

విప్పిన రేడియేటరును మా అమ్మ చూసి, ఇత్తడి అని తెలిసి, నల్ల రంగు గీకి చింతపండుతో తోమి ఎండబెట్టింది. ఇప్పుడది పూజగది బిందెలా మెరుస్తోంది. ఏమైనా నష్టమా?

హాలియా పాతపానా

పులుపు పోయేదాకా కడగండి, లేకపోతే అతుకుల దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. తరువాత పలుచగా నల్ల రంగు వేయండి. అమ్మగారు ఒప్పుకోకపోతే అలాగే ఉంచండి, కారు నడవడానికి అడ్డం కాదు.

రేకులషెడ్డు, మిర్యాలగూడ

ఒప్పుకోలేదు. అలాగే ఉంచుతున్నాం. వెనక ఎడమ తలుపుకు అద్దం తిప్పే పిడి లేదు. ఎవరి దగ్గరైనా ఉందా?

దేవరకొండ దారి

నా దగ్గర ఒకటి ఉంది, గుబ్బ మాత్రం క్రీము రంగు. సోమవారం వడ్లు వేసుకుని మిర్యాలగూడ వస్తున్నాను. మిల్లు ఎక్కడో చెప్పండి, తెచ్చిస్తాను. డబ్బు వద్దు, కారు చూపించండి చాలు.