చాంబర్ మీద 1917, 1920 రెండూ ఉన్న లూగర్: ఏది తయారీ సంవత్సరం?

ప్రశ్న (కొత్త సేకర్త)

అందరికీ నమస్కారం. లైసెన్సు పొందిన సేకర్తగా ఈ మధ్యనే నా మొదటి లూగర్ పిస్టల్‌ను, అంటే జర్మన్ సైన్యం 1908లో స్వీకరించిన పి.08 నమూనాను, కొన్నాను. టాగుల్ (పిస్టల్ పైన మోకాలిలా మడతపడే కీలు) మీద తయారీ సంస్థ డీడబ్ల్యూఎం అక్షరాల అల్లిక స్పష్టంగా ఉంది గాని, చాంబర్ (తూటా కూర్చునే గది) పైన 1920, దాని కింద 1917 అని రెండు సంవత్సరాలు కనిపిస్తున్నాయి. యుద్ధకాలంలో తయారీ మొదలుపెట్టి తరువాత పూర్తి చేశారని అమ్మినవారు చెప్పారు. ఆ మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఇది 9 మిల్లీమీటర్ల పిస్టల్ అయినప్పుడు బ్యారెల్ అడుగున 8,82 అని ఎందుకు కొట్టారో కూడా తెలియడం లేదు. భాగాల మీద కొట్టిన అన్ని నంబర్లూ పిస్టల్ నంబరుతో కలుస్తాయన్న హామీ మీదనే దీనికి ఎక్కువ ధర పెట్టాను. ఆ హామీని నేనే సరిచూసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (ఉక్కుముద్ర)

మీ పిస్టల్ 1917లో తయారైనదే. 1920 అన్నది తయారీ తేదీ కాదు, ఆస్తి ముద్ర. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వెర్సాయ్ ఒప్పందం జర్మన్ సైన్యాన్ని లక్ష మందికి పరిమితం చేసింది. అప్పటికే లెక్కలేనన్ని సైనిక ఆయుధాలు బయటి జనం చేతుల్లోకి వెళ్లిపోయి ఉండడంతో, ప్రభుత్వ ఆధీనంలో సక్రమంగా ఉన్నవాటిని వేరుగా గుర్తించడానికి వాటి మీద 1920 అని కొట్టారు. సేకర్తలు వీటిని జంట తేదీల లూగర్లు అంటారు.

8,82లోని కామా దశాంశ బిందువు. బ్యారెల్ లోపలి రైఫ్లింగ్ (తూటాను తిప్పే మెలిక గాళ్లు) గట్ల మధ్య కొలిచిన వ్యాసాన్ని ఫ్యాక్టరీ వారు మిల్లీమీటర్లలో అలా నమోదు చేసేవారు. కొత్తవారిలో చాలామంది దానిని తూటా పరిమాణమని పొరపడతారు. మొదట్లో నేనూ అలాగే పొరపడ్డాను.

ఇక నంబర్ల విషయం కొంత వివరంగా చెప్పాలి. సైనిక లూగర్లకు ఏటా నంబర్లు 1 నుంచి మళ్లీ మొదలయ్యేవి. 10,000 పూర్తి కాగానే చివర ఎ అనే వంపు అక్షరం చేర్చి తిరిగి 1 నుంచి, ఆ తరువాత బి చేర్చి మళ్లీ 1 నుంచి, ఇలా సాగేది. కాబట్టి ఒకే ఏడాదిలో ఒకే నాలుగంకెల సంఖ్య అనేక పిస్టళ్ల మీద ఉండవచ్చు. అక్షరం చెప్పకుండా నంబరు మాత్రమే చెబితే ఆ పిస్టల్‌ను గుర్తించినట్లు కాదు. ఫ్రేమ్ ముందు భాగంలో, బ్యారెల్ కింద, ఆ అక్షరం కోసం చూడండి. చిన్న భాగాల మీద ఆ సంఖ్యలోని చివరి రెండంకెలు మాత్రమే ఉంటాయి. సైనిక పద్ధతిలో అవి పైకే కనిపిస్తాయి. పౌరులకు అమ్మిన వాటిలో ఎక్కువగా భాగాల అడుగున దాచినట్లు ఉంటాయి.

జవాబు (పాతనీలం)

ఉక్కుముద్ర గారు చెప్పినదంతా సరైనదే గాని, నంబర్లు కలిసినంత మాత్రాన పిస్టల్ చెడని స్థితిలో ఉన్నట్లు కాదని నా అభిప్రాయం. కొన్నేళ్ల కిందట అన్ని నంబర్లూ కలిసిన పిస్టల్ ఒకటి కొని మురిసిపోయాను. తరువాత పక్కవాటు వెలుతురులో భూతద్దం పెట్టి చూస్తే, టేక్‌డౌన్ లీవర్ (పిస్టల్ విప్పడానికి తిప్పే మీట) మీద పాత అంకెలను ఆకురాయితో అరగదీసిన పల్లం, ఆ పల్లంలో కొత్తగా కొట్టిన రెండంకెలు కనిపించాయి.

అంకెలకన్నా ముందు పూత చూడండి. ఆ కాలపు పి.08లో ట్రిగ్గర్, సేఫ్టీ లీవర్, టేక్‌డౌన్ లీవర్, మ్యాగజైన్ (తూటాల పెట్టె) క్యాచ్ వంటి చిన్న భాగాలకు నీలం పూత (ఉక్కు తుప్పు పట్టకుండా వేసే ముదురు నీలి పూత) ఉండదు. వేడి చేయడం వల్ల వచ్చిన ఎండుగడ్డి పసుపు రంగు ఉంటుంది. అవి కూడా నల్లగా నిగనిగలాడుతుంటే ఎవరో పిస్టల్ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచారన్నమాట. అంచులు గుండ్రపడడం, అక్షరాల అంచులు అలికినట్లు ఉండడం కూడా అదే సంగతి చెబుతాయి.

మీకు ఆ జంట తేదీ వల్ల ఒక మేలు ఉంది. 1920 ముద్రను అప్పటికే పూత వేసి, వాడుకలో ఉన్న పిస్టల్ మీద కొట్టారు. కాబట్టి అసలు పూతే మిగిలి ఉంటే 1917 అంకెల లోపలి భాగం నీలంగాను, 1920 అంకెల దగ్గర పూత తెగి లోహం బయటపడినట్లుగాను ఉండాలి. రెండు తేదీల లోపలా ఒకే నీలం పరుచుకుని ఉంటే, 1920 తరువాత ఎప్పుడో మళ్లీ పూత వేశారని తేలుతుంది.

తిరుగు జవాబు (కొత్త సేకర్త)

మీరు చెప్పినట్లే కిటికీ దగ్గర భూతద్దంతో చూశాను. 1917లోని ఒకటి అంకె లోపల మసక నీలం ఉంది. 1920లోని సున్నా చుట్టూ లోహం సన్నని గట్టులా లేచి, దాని అంచు గోధుమరంగుకు తిరిగి ఉంది. ట్రిగ్గర్ పసుపు చాలావరకు అరిగినా మడతల్లో మిగిలి ఉంది. అయితే చిన్న భాగాలన్నిటి మీదా 41 ఉండగా, ఎడమవైపు సైడ్ ప్లేట్ (పక్క పలక) మీద మాత్రం 86 అని ఉంది. మ్యాగజైన్ అడుగు చెక్క కాదు, అల్యూమినియం. దాని నంబరు కూడా వేరు.

జవాబు (ఉక్కుముద్ర)

అయితే పూత అసలైనదేనని ధైర్యంగా చెప్పవచ్చు. సైడ్ ప్లేట్ శుభ్రం చేసేటప్పుడు చేతికి ఊడివచ్చే భాగం కనుక, పక్కపక్కన విప్పిన పిస్టళ్ల మధ్య తేలికగా తారుమారవుతుంది. 1917 నాటి మ్యాగజైన్‌కు చెక్క అడుగు ఉండాలి. మీ దగ్గరున్నది తరువాతి కాలపుది. మొత్తం మీద పిస్టల్ మంచిదే గాని, అన్ని నంబర్లూ కలుస్తాయన్న మాట నిజం కాదు. అమ్మినవారిని ధరలో తేడా అడగడానికి మీకు న్యాయమైన కారణం ఉంది. దయచేసి 86ను చెరిపి 41 కొట్టించకండి.

జవాబు (పాతనీలం)

సైడ్ ప్లేట్ ప్రస్తావన వచ్చింది, దాన్ని తీయాలంటే పిస్టల్ విప్పాలి కనుక ఒక హెచ్చరిక చేయాలి. లూగర్‌లో సియర్ బార్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడు స్ట్రైకర్‌ను వదిలే బద్ద) బ్యారెల్‌తో కలిసిన పై భాగానికి పక్కనే ఉంటుంది. చాంబర్‌లో తూటా మిగిలి, స్ట్రైకర్ (తూటాను పేల్చే సూది) ఎక్కి ఉన్నప్పుడు ఆ పై భాగాన్ని ఫ్రేమ్ నుంచి వేరు చేసినా, వేలు ఆ బార్‌కు తగిలితే తూటా పేలుతుంది. మ్యాగజైన్ తీసి, టాగుల్ వెనక్కి లాగి, చాంబర్ ఖాళీ అని కంటితో చూసిన తరువాతే టేక్‌డౌన్ లీవర్ తిప్పండి.

తేదీల విషయంలో మీరు తరువాత జపాన్ వైపు వెళితే ఇంకో చిక్కు ఎదురవుతుంది. నంబు 14వ రకం పిస్టల్ మీద 18.6 అని చూసి 1918 అని అమ్మజూపినవారిని నేను చూశాను. ఆ నమూనాను స్వీకరించినదే 1925లో. ఆ 18 షోవా చక్రవర్తి పాలనా సంవత్సరం. దానికి 1925 కలపాలి, అంటే 1943 జూన్ అన్నమాట.