బొడ్డు ఊడకముందే పాపకి నీళ్ళు పోయొచ్చా? ఇంట్లో రోజూ ఇదే గొడవ

కొత్తమ్మ (నరసన్నపేట):

అందరికీ నమస్కారం. పురిటికి అమ్మ దగ్గరికి వచ్చాను, మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పాప పుట్టి ఇవాళ్టికి ఆరో రోజు. నార్మల్ డెలివరీ, బరువు 2 కిలోల 700. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సమ్మ "బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవండి చాలు" అని చెప్పింది. ఇంటికొచ్చాక మా మామ్మ అస్సలు ఒప్పుకోవట్లేదు. "ఏటి పిల్లా, మీ అమ్మకి, మీ మావయ్యలకి నానే కాళ్ళ మీదేసుకుని పోసినాను, ఎవులికేటయిపోనాది?" అంటుంది. ఊళ్ళో పసిపిల్లలకి నీళ్ళు పోసే ఆవిడ ఉంది, రేపు పొద్దున్నే రమ్మని ఆవిడకి కబురు కూడా పెట్టేసింది.

ఆవిడ పోసే తీరు మా అక్క కొడుకు పుట్టినప్పుడు చూశాను. ఒళ్ళంతా ఆముదం, ఆ పైన పసుపు కలిపిన నలుగు, పొగలు కక్కే నీళ్ళు చెంబులతో దబదబా, చివర్లో చెవుల్లో ముక్కులో నూనె చుక్క వేసి ఊదడం, తర్వాత సాంబ్రాణి. వాడు ఏడ్చి ఏడ్చి కందిపోయేవాడు. కానీ ఆ తర్వాత మూడు నాలుగు గంటలు హాయిగా పడుకునేవాడు, అదీ నిజమే, మామ్మ కూడా దాన్నే పట్టుకుంటుంది. పోనీ నేనే పోస్తానంటే నాకు చేతకాదు, పాప జారిపోతుందేమోనని చేతులు వణుకుతున్నాయి. పైగా ఈ చలి. ఎవరి మాట వినాలి? మీ ఇళ్ళల్లో ఎలా నెగ్గుకొచ్చారు?

బొబ్బిలి వీణ:

అమ్మాయ్, ముందు ఆ రేపటి కబురు వెనక్కి తీసుకో. మిగతావి తర్వాత.

నాకు ఇద్దరు, ఇద్దరప్పుడూ ఇదే భాగోతం. మొదటిసారి అందరితో దెబ్బలాడి ఏడ్చి పాలు కూడా సరిగా పడక నానా అవస్థ పడ్డాను. రెండోసారి తెలివొచ్చింది, వద్దు అనడం మానేసి మా అత్తగారికి పని పంచాను. పట్టుకోవడం, ఆరబెట్టడం ఆవిడ పని, నీళ్ళు చూసుకోవడం నా పని. పెద్దవాళ్ళ చేతుల్లో పసిబిడ్డ జారదు, అది మనకి రాని విద్య, దాన్ని వదులుకోకు.

తుడవడం ఎలాగంటే, గది తలుపులు వేసి ఫ్యాన్ ఆపేయ్. మెత్తటి పాత నూలు చీర ముక్కలు ఉడికించి ఎండలో ఆరబెట్టి పెట్టుకో. తువ్వాలు, జుబ్బా, టోపీ అన్నీ ముందే చేతికందేలా ఉండాలి, పిల్లని పడుకోబెట్టాక వెతుక్కోకూడదు. ఒళ్ళంతా ఒకేసారి విప్పేయకు, ఒక చెయ్యి తుడిచి ఆరబెట్టి కప్పేసి తర్వాత రెండో చెయ్యి, అలా. కళ్ళు ముక్కు వైపు నుంచి బయటికి తుడవాలి, ఒక్కో కంటికి వేరే దూది. మెడ కింద మడతలో పాలు కారి పులిసిపోతాయి, చంకలు, తొడల సందులు కూడా చూసుకోవాలి. ఆడపిల్ల కాబట్టి ముందు నుంచి వెనక్కే తుడవాలి. మొత్తం పది నిమిషాలు దాటకూడదు. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కేస్తుంది, బాగా ఆకలి మీదున్నప్పుడూ వద్దు, ఇల్లు పీకి పందిరేస్తుంది. ఈ చలికి రోజూ కూడా అక్కర్లేదు, రోజు విడిచి రోజు చాలు.

పిల్లల వార్డు నర్సు (విజయనగరం):

నేను చిన్నపిల్లల వార్డులో పదకొండేళ్ళుగా చేస్తున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను.

పుట్టిన వెంటనే నీళ్ళు పోయడం ఇప్పుడు ఆసుపత్రుల్లో కూడా మానేశారు. కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కడుపులో ఉన్నన్నాళ్ళూ వెచ్చగా ఉన్న బిడ్డ ఒంటి వేడి తడి మీద ఇట్టే పడిపోతుంది. ఒంటికి పట్టుకుని ఉండే తెల్లటి వెన్నలాంటి పదార్థం మురికి కాదు, దాన్ని రుద్ది తీయకూడదు, చర్మానికి అదే కాపు. బరువు రెండున్నర కిలోల కంటే తక్కువున్న పిల్లలకైతే నీళ్ళ మాటే ఎత్తకండి, తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోవడమే వాళ్ళకి మందు. మీ పాపకి ఆ బెంగ లేదు.

బొడ్డు సంగతి. మామూలుగా ఒకటి రెండు వారాల్లో దానంతట అదే ఎండి ఊడిపోతుంది. దాన్ని పొడిగా వదిలేయడమే మనం చేయాల్సింది. పసుపు, నూనె, బూడిద, పౌడరు ఏదీ వద్దు, లాగొద్దు, లంగోటీ బొడ్డు కిందికి మడిచి కట్టండి. ఊడేటప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం కనబడితే కంగారు పడకండి. చుట్టూ ఎర్రబడినా, చీము, చెడు వాసన వచ్చినా మాత్రం ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

మీ అక్క పిల్లాడికి చేసినవాటిలో నాకు అన్నిటికన్నా భయం చెవుల్లో ముక్కులో నూనె. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా రావచ్చు. నోటితో ఊదడం వల్ల మన నోట్లోని క్రిములు సరాసరి బిడ్డకి వెళ్తాయి. ఇంకోటి మీరు రాయలేదు కానీ మన వైపు చేస్తారు, పసిపిల్లల రొమ్ములు గట్టిగా ఉన్నాయని పిండుతారు. తల్లి హార్మోన్ల వల్ల మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా కొన్నాళ్ళు అలా ఉబ్బి తగ్గిపోతాయి. పిండితే చీము గడ్డలవుతాయి, కోసి చీము తీయాల్సి వచ్చిన పిల్లల్ని చూశాను. ఆడపిల్లలకి మొదటి వారంలో కొద్దిగా రక్తం మరక కనబడటం కూడా ఆ హార్మోన్ల వల్లే.

పసుపు నలుగు ఎందుకు వద్దంటానంటే, గరుకుగా ఉండి లేత చర్మం గీసుకుపోతుంది. అంతకంటే ముఖ్యం, ఈ మొదటి వారంలోనే కామెర్లు బయటపడతాయి. పసుపు రాసిన ఒంటి మీద కామెర్లు ఎలా కనిపెడతారు? పగటి వెలుతురులో తుడుస్తూ ఛాతీ, పొట్ట, అరికాళ్ళు పచ్చగా ఉన్నాయేమో చూడండి. అరచేతులు, అరికాళ్ళ దాకా పచ్చదనం వస్తే ఆగకూడదు. సాంబ్రాణి పొగ, మూసిన గదిలో నిప్పుల కుంపటి రెండూ వద్దు.

ఆసుపత్రిలో కాన్పయిన వాళ్ళ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. రేపు మీకు ఏడో రోజు కదా, ఆవిడ వచ్చినప్పుడు మామ్మగారిని పక్కన కూర్చోబెట్టి అన్నీ అడగండి, మన మాట కంటే ఆవిడ మాట ఎక్కువ వింటారు. పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఒళ్ళు చల్లబడినా, జ్వరం వచ్చినా, నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా ఇంట్లో చిట్కాలు చేయకుండా 108కి ఫోన్ చేయండి.

పలాస జీడిపప్పు:

నాన్నల తరఫున ఒక మాట. మా ఇంట్లో బకెట్లో హీటర్ రాడ్ పెడతాం. ఆ నీళ్ళు పైన సలసలా, అడుగున చల్లగా ఉంటాయి, కలపకుండా చెంబు ముంచితే అంతే సంగతులు. మా వాడికి నెల నిండినప్పుడు మా అమ్మ చేత్తో చూసి "గోరువెచ్చగానే ఉందిరా" అంది, నేను మోచెయ్యి పెట్టి చూస్తే కాలింది. ఆవిడ తప్పు కాదు, నలభై ఏళ్ళు పొయ్యి దగ్గర కాయలు కాసిన అరచేతులకి ఆ వేడి ఏం తెలుస్తుంది! అప్పటి నుంచి మా ఇంట్లో మోచేతిదే ఆఖరి మాట. మోచేతికి వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు, లెక్కలో చెప్పాలంటే 37, 38 డిగ్రీలు. టబ్బులో ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు, బాగా కలిపాకే పిల్ల. పిల్ల టబ్బులో ఉండగా పైనుంచి వేణ్ణీళ్ళు కలపొద్దు. రాడ్ స్విచ్ ఆపి ప్లగ్ పీకి బకెట్ని వేరే గదిలో పెట్టాకే మొదలుపెట్టండి. ఫోన్ మోగినా, పాలవాడు అరిచినా పిల్లని వదిలి లేవకండి, లేవాల్సి వస్తే తువ్వాల్లో చుట్టి ఎత్తుకుని వెళ్ళండి.

సాలూరు మామ్మ:

నా మనవరాలు ఇదంతా చదివి వినిపించింది, నేను చెప్తుంటే తనే రాస్తోంది. అందరూ మామ్మల మీద పడ్డారు కాబట్టి చెప్తున్నాను. కాళ్ళ మీద వేసుకుని పోయడం చెడ్డది కాదమ్మా. చిన్న పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పిల్ల తల మన పాదాల వైపు పెట్టుకుంటే నీళ్ళు నిలవవు, జారిపోతాయి, బిడ్డ మునిగే భయం లేదు. నీళ్ళు పైనుంచి ధార కట్టకూడదు, చెంబు ఒంటికి దగ్గరగా పెట్టి కొద్దికొద్దిగా ఒంపాలి, తలకి పోసేటప్పుడు నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెడితే కళ్ళల్లోకీ ముక్కులోకీ పోవు. మాడు మీద నూనె రాయొచ్చు, నొక్కకూడదు. అయితే ఇదంతా బొడ్డు ఊడాకే. మా కాలంలో ఆగలేదు, నిజమే. మా కాలంలో ఇంటికొక బిడ్డ పోయేది కూడా, ఆ లెక్క మీ మామ్మ చెప్పదు. పెద్ద మనవడికి నేను కూడా చెవిలో నూనె వేశాను, చీము కారింది. రెండోవాడికి వేయలేదు.

కొత్తమ్మ (నరసన్నపేట):

అందరికీ చాలా థ్యాంక్స్, ఆలస్యంగా వచ్చాను, నిద్ర లేదు. ఆశా అక్క ఏడో రోజున వచ్చింది, మామ్మ ఆవిడతో అరగంట వాదించి చివరికి "సర్లెండి, మీకే తెలుసు" అని మూతి ముడుచుకుని లేచిపోయింది. తొమ్మిదో రోజు బొడ్డు ఊడింది, ఒక చుక్క రక్తం చూసి నేను హడలిపోయాను కానీ నర్సు గారు రాసింది గుర్తొచ్చింది. రెండు రోజులు ఆగి, అక్కడ పూర్తిగా ఆరాక, పదకొండో రోజు పురుడుకి మామ్మే కాళ్ళ మీద వేసుకుని పోసింది. ముందు కొంచెం కొబ్బరినూనె, నలుగు లేదు. నీళ్ళు నా మోచేతితో చూశాను. మామ్మ కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని తన మోచెయ్యి పెట్టి చూసి, "చల్లారిపోనాయి, ఇవేటి నీళ్ళు" అంది, కానీ పోసింది. పాప ఏడవలేదు, తర్వాత మూడు గంటలు నిద్రపోయింది.

ఇప్పుడు కాటుక గొడవ మొదలైంది. కళ్ళు పెద్దవవుతాయట, దిష్టి తగలదట.

పిల్లల వార్డు నర్సు (విజయనగరం):

కంట్లో వద్దు, కాటుకల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది, కళ్ళు పుసులు కడతాయి. దిష్టి చుక్క అరికాల్లో పెట్టించండి, చేయి నోట్లో పెట్టుకున్నా అంటదు.