ఉప్పు గాలికి తట్టుకునే మొక్కలు చెప్పండి

మాది విశాఖపట్నం, సాగర్ నగర్. సముద్రం రెండు వీధుల అవతలే. గేటుకీ వరండాకీ మధ్య సుమారు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగా ఉంది. తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే ఎండ బాగా పడుతుంది, మధ్యాహ్నం నుంచి ఇంటి నీడే.

అసలు సమస్య ఉప్పు గాలి. నిరుడు ఎంతో ఇష్టపడి తెచ్చిన గులాబీలకు ఆకుల అంచులు మాడిపోయి, ఆరు నెలల్లో అన్నీ ఎండిపోయాయి. చాలా బాధేసింది. పక్కింటి వాళ్ల కాగితం పూలు, దేవగన్నేరు మాత్రం అదే గాలిలో నిండుగా పూస్తున్నాయి. గన్నేరు కూడా తట్టుకుంటుందట కానీ అది విషపు మొక్క, మా పాపకు మూడేళ్లు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. అందుకే వద్దనుకున్నాను.

2014లో హుద్‌హుద్ తుపానుకు మా వేపచెట్టు కూలి ప్రహరీ మీద పడింది. అప్పటి నుంచి పెద్ద చెట్టంటే అమ్మకు టెన్షన్. అయినా పూజకు నందివర్ధనం, మందారం, వీలైతే ఒక పారిజాతం ఉండాలని ఆమె కోరిక. ఇవి ఈ గాలిలో బతుకుతాయా? ప్రహరీ వెంబడి నూరువరహాలు గుబురుగా వేస్తే వెనక మొక్కలకు కాస్త అడ్డు ఉంటుందా?

లాన్ నాకు ఇష్టమే గానీ వేసవిలో అంత నీళ్లు పోయలేం. దాని బదులు నేల మీద ఏం పరిస్తే బాగుంటుంది? వచ్చే నెల కడియం నర్సరీలకు వెళ్తున్నాం. తీరం దగ్గర తోట పెంచినవాళ్లు దయచేసి చెప్పండి, అక్కడ ముందుగా ఏ మొక్కలు కొనాలి?