ఉగాది బ్యానర్ శీర్షికకు రవి ప్రకాష్ ఫాంటు: ముద్రణకు ముందు తేల్చుకోవలసినవి

ముద్రణ బాధ్యులు, విశాఖపట్నం:

కార్యకర్తలందరికీ నమస్కారం. సింగపూర్‌లో మన సంఘం జరుపుకోబోయే ఉగాది వేడుకకు వేదిక వెనుక కట్టే పెద్ద బ్యానరును, ద్వారం దగ్గర కట్టే స్వాగత బ్యానరును ఇక్కడ విశాఖలోనే ముద్రించి పంపుతున్నాము కనుక, అక్షరాల సంగతి ఈ వారంలోనే తేల్చుకోవాలి. శీర్షికకు రవి ప్రకాష్ ఫాంటు వాడాలని నా ప్రతిపాదన. అప్పాజీ అంబరీష దర్భ గారు 2013లో రూపొందించగా అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఈ ఫాంటు, ఎవరైనా వాడుకోనిచ్చే ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. గీతలు బాగా లావుగా, ఒంపులు అలంకారంగా ఉంటాయి కాబట్టి, ‘ఉగాది సంబరాలు’ అన్న రెండు మాటలు ఆఖరి వరుసలో కూర్చున్నవారికి కూడా నిండుగా కనిపిస్తాయి.

అయితే ఆ లావే చిన్న అక్షరాలకు చేటు. ‘థ’కు, ‘ధ’కు తేడా లోపలి చుక్క ఒక్కటే, గీత లావైన కొద్దీ ఆ చుక్కకు చోటు తగ్గి, చిన్న పరిమాణంలో పూడిపోతుంది. విరాళమిచ్చిన విశ్వనాథ్ గారి పేరు విశ్వనాధ్ అని కనిపించడం ఎంత మాత్రమూ మర్యాద కాదు. ‘సాంస్కృతిక’ వంటి మాటలో వత్తు, దాని పక్కనే వట్రసుడి కలిసి మరింత ఇరుకవుతాయి. అందువల్ల దాతల పేర్లను, కార్యక్రమాల పట్టికను, భోజనాల వివరాలను ‘మండలి’ అనే ఫాంటులో పెడదాము; అది చదువుకునే పాఠ్యం కోసమే తయారైనది.

2022 ఆగస్టు 26న ఈ నగరంలోనే అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించారు. మనమూ గుడ్డ బ్యానరే చేయిద్దాము. మడతపెట్టి పెట్టెలో తీసుకెళ్లడం కూడా సులువు. గుడ్డ మీద సిరా కొంత వ్యాపిస్తుంది కనుక, లేత రంగు నేపథ్యం మీద ముదురు అక్షరాలు వేస్తే లోపలి ఖాళీలు ఇంకా మూసుకుపోతాయి. కుంకుమ రంగు నేపథ్యం మీద లేత పసుపు అక్షరాలైతే ఆ బెడద ఉండదు. మొత్తం ముద్రించే ముందు ఒక్క మాటను అసలు పరిమాణంలో గుడ్డ ముక్క మీద వేయించి చూస్తాను.

డిజైన్ చేసేవారికి ఒక మనవి. రవి ప్రకాష్ ఫాంటుకు ఒకే మందం ఉంది, కాబట్టి బోల్డ్ మీట నొక్కవద్దు. రెండు వరుసలు ఉంటే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా ఎడం ఉంచండి. ఇక్కడి డీటీపీ వారిలో చాలామంది యూనికోడ్ కాని పాత పద్ధతి ‘అను’ ఫాంట్లతో పనిచేస్తారు కనుక, యూనికోడ్ పాఠం కాకుండా అక్షరాలను ఔట్‌లైన్లుగా (ఫాంటు అవసరంలేని బొమ్మ గీతలుగా) మార్చిన పీడీఎఫ్ పంపండి.

ఆహ్వాన పత్రిక బృందం:

వాట్సాప్‌లో పంపే పత్రికకూ ఇదే ఫాంటు వాడవచ్చునా?

ముద్రణ బాధ్యులు:

పండుగ పేరుకు తప్పక వాడండి. తేదీ, వేళ, హాలు చిరునామా మాత్రం మండలి ఫాంటులోనే ఉండాలి, ఎందుకంటే ఫోన్ తెరపై అవి చాలా చిన్నవైపోతాయి. దాతల పేర్లను వారే రాసి ఇచ్చిన వర్ణక్రమంతో ఆదివారంలోగా నాకు పంపగలరు.