మదర్‌బోర్డు మార్చాక విండోస్ లైసెన్సు పోయింది, ఫార్మాట్ చేయక తప్పదా?

ప్రశ్న (ఖమ్మం డీటీపీ)

మాది ఖమ్మంలో చిన్న డీటీపీ షాపు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. పనంతా ఒకే కంప్యూటర్ మీద. 2019లో అసెంబుల్ చేయించాం: ఐ5 8400 ప్రాసెసర్, హెచ్310 బోర్డు, విండోస్ 10 ప్రో. మొన్న కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు కాలిపోయింది. అదే హెచ్310 రకంలో వేరే కంపెనీ బోర్డు వేయించాను. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పాతవే.

సిస్టమ్ ఆన్ అయింది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోంది, అను ఫాంట్లు, ఫైళ్లు అన్నీ ఉన్నాయి. కానీ తెర మూలన విండోస్‌ను యాక్టివేట్ చేయమని వస్తోంది. సెట్టింగ్స్‌లో చూస్తే హార్డ్‌వేర్ మారిందంటూ ఎర్రర్, దాని చివర ఎఫ్211 అని ఉంది. బోర్డు వేసిన మెకానిక్ ఫార్మాట్ చేసి కొత్త విండోస్ కొనాల్సిందే అంటున్నారు.

నా దిగులు ఫైళ్ల గురించే. అను ఫాంట్లతో చేసినవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పెద్దమ్మాయి పెళ్లికి కార్డు వేయించుకున్నవాళ్లు చిన్నమ్మాయి పెళ్లికి అదే కార్డు పట్టుకొస్తారు, పేర్లు, ముహూర్తం మార్చి ఇమ్మంటారు. ఆ నమ్మకం మీదే మా షాపు నడుస్తోంది. డబ్బు పెట్టి కొన్న విండోస్ బోర్డుతో పాటే పోతుందా? బిల్లు, 25 అక్షరాల కీ ఉన్న కార్డు రెండూ బీరువాలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఖాతా ఎప్పుడూ వాడలేదు.

జవాబు 1

ఫార్మాట్ చేస్తేనే మేలండి. పాత డ్రైవర్లు కొత్త బోర్డుతో గొడవపడతాయి. కీ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది.

జవాబు 2 (విజయవాడ, కంప్యూటర్ మరమ్మతులు)

మేడమ్, దయచేసి ఫార్మాట్ చేయకండి. ఫార్మాట్ చేసినా ఈ ఎర్రర్ పోదు. తాళం పడింది ఎస్‌ఎస్‌డీ మీద కాదు. విండోస్ యాక్టివేట్ అయినప్పుడు మీ హార్డ్‌వేర్‌ను బట్టి ఒక గుర్తు తయారై మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదవుతుంది. ర్యామ్, డిస్కు మారితే మామూలుగా పట్టించుకోదు. బోర్డు మారితే మాత్రం అది వేరే కంప్యూటర్ కింద లెక్క. ఎఫ్211 అంటే అంతే, మీ ఫైళ్లకు దానితో సంబంధం లేదు. యాక్టివేషన్ లేకపోయినా సిస్టమ్ పనిచేస్తూనే ఉంటుంది. వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదు, ఆ రాత మూలన ఉంటుంది. ఈలోపు మీ పత్రికల పని ఆపనక్కర్లేదు.

ముందుగా మీ లైసెన్సు ఏ రకమో తేల్చాలి. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ కలిపి కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్, డి, ఎల్, ఐ కొట్టండి. వచ్చే చిన్న పెట్టెలో రిటైల్ (విడిగా కొన్నది) అనో ఓఈఎం (కంప్యూటర్‌తో పాటు వచ్చేది) అనో ఉంటుంది, దాని కింద కీలోని చివరి ఐదు అక్షరాలు ఉంటాయి. అవి కార్డు మీది అక్షరాలతో కలుస్తున్నాయో లేదో చూడండి. 3వీ66టీ అని ఉంటే అది ప్రో ఎడిషన్‌లో చాలామందికి ఉండే సాధారణ కీ, దాన్ని బట్టి ఏమీ తేలదు. అప్పుడు బిల్లే ఆధారం.

రిటైల్ అయితే లైసెన్సు మీది, బోర్డుది కాదు. పాత బోర్డులో వాడకం ఆగిపోయింది కాబట్టి కొత్త దాని మీద పెట్టుకునే హక్కు మీకుంది. యాక్టివేషన్ పేజీలో ప్రోడక్ట్ కీ మార్చే చోట కార్డు మీది కీ కొట్టండి. ఓఈఎం అయితే అది మొదటి బోర్డుతో ముడిపడి ఉంటుంది. అందులోనూ బోర్డు చెడిపోయి మార్చడం వేరు, మెరుగైనది కావాలని మార్చడం వేరు. మీది మొదటిది. ఆ మాట మైక్రోసాఫ్ట్ సహాయ విభాగానికి చెప్పి, బిల్లు చూపించి అడగండి. అడగకుండా కొత్తది కొనడం మాత్రం అన్యాయం.

పైన చవక కీ సంగతి చెప్పారు. అలాంటివి చాలా వరకు కంపెనీలకు ఇచ్చిన వాల్యూమ్ కీలు. ఇవాళ యాక్టివేట్ అయినా ఎప్పుడు నిలిపేస్తారో తెలియదు. వ్యాపారం చేసే సిస్టమ్‌లో వద్దు.

ఇంకొకటి. కొత్త బోర్డు లాన్ (నెట్ కేబుల్ పెట్టే పోర్టు) డ్రైవర్ లేక నెట్ రాకపోతే యాక్టివేషన్ కదలదు. ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను నెట్‌ను కంప్యూటర్‌కు ఇవ్వడం) పెట్టండి, సరిపోతుంది.

ఖమ్మం డీటీపీ

చాలా సంతోషమండి. రిటైల్ అనే వచ్చింది, చివరి ఐదు అక్షరాలూ కలిశాయి. కానీ కీ కొడితే ఇప్పటికే వేరే చోట వాడారంటూ ఇంకో ఎర్రర్, చివర సీ008. ఇప్పుడేం చేయాలి? అలాగే విండోస్ 10కి కాలం చెల్లింది కదా, ఈ సందట్లోనే 11 వేసేయనా?

జవాబు 2 (విజయవాడ, కంప్యూటర్ మరమ్మతులు)

సీ008 రావడం సహజమే. ఆ కీ ఇంకా పాత బోర్డు పేరు మీదే ఉంది. యాక్టివేషన్ పేజీలో సమస్య సరిచేసే సాధనం, అంటే ట్రబుల్‌షూటర్‌లో, ఈమధ్యే హార్డ్‌వేర్ మార్చానని చెప్పే దారి ఒకటుంది కానీ, బోర్డు పోకముందే లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేసి ఉంటేనే అది పనికొస్తుంది. మీరు నేరుగా సహాయ విభాగాన్ని సంప్రదించండి. కమాండ్ ప్రాంప్ట్‌లోనే ఎస్, ఎల్, యు, ఐ కలిపి కొట్టి, ఖాళీ వదిలి 4 కొడితే ఇన్‌స్టలేషన్ ఐడీ అనే పొడవాటి సంఖ్య చూపే తెర వస్తుంది. సహాయ విభాగం వాళ్లు ఆ ఐడీ అడుగుతారు, ఒప్పుకుంటే బదులుగా కన్ఫర్మేషన్ ఐడీ ఇస్తారు.

11 మాత్రం ఇప్పుడే వద్దు. మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నిజమే. మీ 8400 ప్రాసెసర్ 11కి అర్హమైన జాబితాలోనే ఉంది. ముందు 10 యాక్టివేట్ కానివ్వండి, ఆ లైసెన్సుతోనే 11కి ఉచితంగా మారవచ్చు. మారే ముందు ఎస్‌ఎస్‌డీ మొత్తాన్ని బయటి డిస్కులోకి ఇమేజ్ (యథాతథ నకలు) తీయండి. పేజ్‌మేకర్ పాతది, 11లో ఇబ్బంది పెడితే వెనక్కి రావడానికి అది నమ్మకమైన దారి. బయాస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగ్స్‌లో, పీటీటీ (11 అడిగే భద్రతా సదుపాయం) ఆన్ చేయాలి. డిస్కు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాకే బయాస్‌లో యూఈఎఫ్‌ఐ (కొత్త రకం బూట్ పద్ధతి) పెట్టాలి. ఆ సాధనం విండోస్‌లోనే ఉంది, ఫైళ్లు చెరిపేయదు. ఆ దశకు వచ్చాక ఇక్కడే రాయండి, వరుసగా చెబుతాను.

తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా ఒకసారి చూసుకోండి. కొన్ని ప్రోగ్రాములు బోర్డు లాన్ నంబరును బట్టి కంప్యూటర్‌ను గుర్తుపడతాయి. ఆ ప్రోగ్రాం మళ్లీ లైసెన్సు అడిగితే అమ్మినవాళ్ల దగ్గర్నుంచే కొత్త అనుమతి తెచ్చుకోవాలి.