బుల్ రన్ నాటి పేపరు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

మేముండేది వర్జీనియాలో, బుల్ రన్ యుద్ధం జరిగిన మనాసస్ యుద్ధభూమికి కారులో అరగంట, అందుకేనేమో ఈ పిచ్చి పట్టుకుంది. అమెరికా అంతర్యుద్ధం తొలిరోజుల పేపర్లు, అంటే 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ అనే కోట మీద కాల్పుల నుంచి జులై 21 బుల్ రన్ దాకా జరిగినవి రాసినవి, పోగేస్తున్నాను. బుల్ రన్‌లో ఉత్తరాది సైన్యమే గెలిచిందని ముందు రాసేసి తర్వాత నాలిక కరుచుకున్న పేపర్లంటే మరీ ఇష్టం. మొన్న ఒక పాత సామాన్ల షాపులో జులై 22 నాటిది దొరికింది. అప్పట్లో కాగితం గుడ్డపీలికల గుజ్జుతో చేసేవాళ్లు కాబట్టి అసలువి ఇప్పటికీ చాలావరకు మెత్తగా, తెల్లగానే ఉంటాయి కదా, నాది మాత్రం టీలో ముంచి తీసినట్టుంది, మడత దగ్గర అప్పడంలా విరుగుతోంది. రీప్రింటేనంటారా? వెనక్కి ఇవ్వడానికి శుక్రవారం దాకే టైముంది. మడత మీద ఎవరో సెలోటేప్ కూడా అంటించారు, అది పీకొచ్చా?