కారణం తెలియని అలెర్జీ: ఇంజెక్షను చేతిలో ఉన్నా పొడుచుకోలేకపోయాను

పల్లెవెలుగు కండక్టర్, ఆమదాలవలస:

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్ళు, ఆర్టీసీలో కండక్టర్ని. ఏడాదిన్నరలో మూడుసార్లు ఉన్నట్టుండి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు పట్టేసి, ప్రాణం మీదకి వచ్చింది. ఎందుకో ఇప్పటికీ తేలలేదు.

మొదటిసారి ఇంట్లోనే. అన్నం తిని పడుకున్న అరగంటకి అరచేతులూ అరికాళ్ళూ భరించలేని దురద. లైటు వేసి చూస్తే పొట్టంతా ఎర్రటి దద్దుర్లు, పై పెదవి వాచిపోయి ఉంది. ఆ రాత్రి వండిన వంకాయని మా ఆవిడ ఇంకా తిట్టుకుంటూనే ఉంది. ఆ తరవాత అదే వంకాయ ఎన్నోసార్లు తిన్నాను, ఏమీ కాలేదు. రెండోసారి పాతపట్నం వైపు నైట్‌హాల్టులో, తెల్లవారుజామున నాలుగింటికి, కడుపులో టీ చుక్క కూడా పడకముందే.

అప్పుడు విశాఖపట్నం వెళ్ళి అలెర్జీ డాక్టరుకి చూపించుకున్నాను. చేతి మీద చుక్కలు పెట్టి గుచ్చి చూశారు. రొయ్య, పీత, జీడిపప్పు, వేరుశనగ, గోధుమ, పాలు, దేనికీ లేవలేదు. రక్తపరీక్షల్లోనూ ఏమీ దొరకలేదు. కారణం దొరకని అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదకి తెచ్చే అలెర్జీ అన్నారు. ఎడ్రినలిన్ మందు అంపూల్సు (మెడ విరిచి వాడే చిన్న గాజు సీసాలు), సిరంజీలు రాసిచ్చి, తొడకి ఎలా వేసుకోవాలో చూపించారు. ఆ రోజు నుంచీ చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుని తిరుగుతున్నాను.

మూడోసారి పోయిన నెల, పలాస సర్వీసులో. ఆడవాళ్ళకి ఉచితం వచ్చినప్పటి నుంచీ బస్సు నిండుగానే ఉంటోంది, ఆ రోజూ అంతే. నరసన్నపేట దాటాక టికెట్లు కొట్టే టిమ్ మిషను పట్టుకున్న చెయ్యి దురద మొదలైంది. కాసేపటికి మెడ మీద దద్దుర్లు, గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు. డబ్బా తీశాను. అంపూల్ చేతిలో పట్టుకున్నాను. పట్టుకునే కూర్చున్నాను. ఇది గుండె ఆగినవాళ్ళకి వేసే మందు కదా, ఊరికే దద్దుర్లకి వేసుకుంటే నాకేమైనా అయితే, అనిపించింది. అంపూల్ లోపల పెట్టేసి దురదకి వేసుకునే సెట్రిజిన్ మాత్ర మింగాను. కోటబొమ్మాళి వచ్చేసరికి మాట రాలేదు. మా డ్రైవరన్న ఎక్కడా ఆపకుండా బస్సుని జనంతో సహా టెక్కలి ఆసుపత్రికే తెచ్చేశాడు. దారంతా ఒక ముసలమ్మ పైట కొంగుతో విసురుతూనే ఉంది. అక్కడ తొడకి ఇదే మందు వేశారు. పది నిమిషాల్లో ఊపిరి ఆడింది.

మందు చేతిలో పెట్టుకుని ఎందుకు ఆగావని డాక్టరు అడిగితే నాకు జవాబు లేకపోయింది. ఇద్దరు పిల్లలు నాకు.

ఇప్పుడు వేసుకోవాలి అని మీరు ఎలా తేల్చుకుంటారు? నేను పడిపోతే ఎవరు వేస్తారు? మే నెల ఎండలో బస్సులో ఈ మందు పాడవదా? ఇంకోటి. ఈ నెల రోజులుగా అన్నం, పప్పు తప్ప ఏదీ ముట్టుకోలేకపోతున్నాను.

రిటైర్డ్ స్టాఫ్ నర్స్, విజయనగరం:

బాబూ, ముందు ఆ గుండె భయం సంగతి చెప్తాను. తొడ కండకి వేసే మోతాదు వేరు, నరానికి ఎక్కించేది వేరు. కండకి వేసుకుంటే కాసేపు గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, మొహం పాలిపోతుంది. కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. నా సర్వీసులో ఆలస్యంగా వేసి ఏడ్చిన ఇళ్ళు చూశాను బాబూ.

ఒంటి మీద దద్దుర్లతో పాటు ఊపిరి గానీ గొంతు గానీ పట్టేసినా, కళ్ళు తిరిగినా, వాంతులు ఆగకపోయినా, ఇంక ఆలోచించకు, వేసెయ్. నీకు ఆ రోజు మెడ మీద దద్దుర్లు, గొంతులో ముద్ద. అదే సమయం. సెట్రిజిన్ దురద తగ్గిస్తుందే గానీ మూసుకుపోతున్న గొంతుని తెరవదు. స్టెరాయిడ్ పని చెయ్యడానికి గంటలు పడుతుంది.

మోతాదు నీ డాక్టరు రాసిందే. పెద్దవాళ్ళకి మామూలుగా 0.5 మిల్లీగ్రాములు, అంటే 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉన్న అంపూల్లో సగం. తొడ మధ్యలో, బయటివైపు, నిటారుగా. ప్యాంటు మీద నుంచైనా వెయ్యొచ్చు. పిర్రకి వద్దు, నరానికి అసలే వద్దు. 5 నిమిషాల్లో తగ్గకపోతే రెండోది, అందుకే రెండు అంపూల్సు. ఇన్సులిన్ సిరంజి మాత్రం కొనకు. దాని సూది పొట్టిది, కండలోకి దిగదు. పైగా దాని గీతలు యూనిట్లలో ఉంటాయి, కంగారులో లెక్క తప్పుతుంది.

వేసుకున్నాక పడుకుని కాళ్ళు ఎత్తు మీద పెట్టు. ఆయాసంగా ఉంటే కాళ్ళు చాపుకుని కూర్చో. బాగానే ఉందని లేచి నడవకు. బీపీ పడిపోయినప్పుడు చటుక్కున లేస్తే ప్రాణానికే ముప్పు. 108కి ఫోను చెయ్యాల్సిందే. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకి మళ్ళీ రావచ్చు, అందుకే ఆసుపత్రిలో ఉంచుతారు. బీపీకి అటెనొలాల్ లాంటి మాత్ర వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పు, అది ఉంటే ఈ మందు సరిగ్గా పట్టదు.

ఎండ సంగతి. 25 డిగ్రీలు దాటని చోట ఉంచమంటారు, మన బస్సులో అది కుదరదు. ఒక పూట వేడి తగిలితే పాడైపోదు గానీ, రోజూ ఇంజను పక్కన పెడితే బలం తగ్గుతుంది. ఇన్సులిన్ వాళ్ళు వాడే చల్లని సంచీ కొనుక్కో. ఐసుకి ఆనించకు, గడ్డ కట్టకూడదు. వెలుతురు తగలనివ్వకు. నీళ్ళలా తేటగా ఉండాలి. గులాబీ రంగు గానీ గోధుమ రంగు గానీ తిరిగితే పారెయ్.

బొబ్బిలి అమ్మాయి:

అన్నయ్యా, నాకు ఇది ఆరేళ్ళుగా ఉంది. నాదీ కారణం దొరకనిదే. మీ అన్నం-పప్పు సంగతి చదివి ఏడుపొచ్చింది, నేనూ ఎనిమిది నెలలు అలాగే బతికాను. 9 కేజీలు తగ్గాను, జుట్టు ఊడింది, అయినా మళ్ళీ వచ్చింది. పప్పన్నం తిన్న రోజే వచ్చింది. ఆ రోజు నుంచీ అన్నీ తింటున్నాను. పరీక్షల్లో లేనిదాన్ని మానేసి మీరు కాపాడుకునేది ఏమీ లేదు.

మానెయ్యడం కన్నా రాసుకోవడం పనికొస్తుంది. వచ్చిన రోజుకి ముందు ఆరేడు గంటలు ఏం తిన్నారు, నొప్పి మాత్ర ఏదైనా వేసుకున్నారా, పరిగెత్తారా, చీమ గానీ కందిరీగ గానీ కుట్టిందా, నిద్ర ఉందా. కొందరికి గోధుమ ఒక్కటే తింటే ఏమీ కాదట, తిని ఒళ్ళు అలిసేలా పని చేస్తేనో నొప్పి మాత్ర వేసుకుంటేనో వస్తుందట, మా డాక్టరు చెప్పారు. నా పుస్తకంలో అలాంటిదేమీ దొరకలేదు. మీకు దొరకొచ్చు.

ఇంకొకటి. వచ్చింది అనాఫిలాక్సిసేనా అని తేల్చుకోవడానికి ట్రిప్టేజ్ అని ఒక రక్తపరీక్ష ఉంది. మొదలైన గంట రెండు గంటల్లో, మహా అయితే నాలుగు గంటల లోపు రక్తం తియ్యాలి, మళ్ళీ ఒక రోజు గడిచాక ఇంకోసారి. ఆ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. డాక్టరు చేత ఒక కాగితం రాయించి డబ్బాలోనే పెట్టుకోండి. నా కాగితం మీద పైన పెద్ద అక్షరాలతో "నాకు ఎడ్రినలిన్ తొడకి వెయ్యండి" అని ఉంటుంది.

ఈ ఆరేళ్ళలో నాకు రెండుసార్లు మందు వెయ్యాల్సి వచ్చింది. మొదటిసారి చెయ్యి వణికి అంపూల్ కింద పడి పగిలింది, రెండోదే నన్ను కాపాడింది. రెండోసారి మా పెద్దమ్మాయి వేసింది. దానికి పదహారేళ్ళు. ఇప్పుడు రావడం తగ్గింది, చివరిది వచ్చి ఏడాది దాటింది. సిరిమానోత్సవానికి ఆ జనంలోకి కూడా వెళ్ళాను, డబ్బా అమ్మాయి భుజానికి తగిలించి.

డ్రైవర్, పార్వతీపురం:

అన్నా, మీ డ్రైవరుకి నేర్పించు. నువ్వు పడిపోతే బస్సు ఆపి నీకు మందు వేసేది ఆయనే. నువ్వు అడగవేమో గానీ, అడిగితే ఏ డ్రైవరూ కాదనడు.

పల్లెవెలుగు కండక్టర్, ఆమదాలవలస:

అమ్మా, చెల్లెమ్మా, తమ్ముడూ, మీకు ఎలా చెప్పాలో తెలీదు. వారం రోజులు ఇవే చదువుకున్నాను.

డిస్టిల్డ్ వాటర్ అంపూల్సు పది కొన్నాను. నిన్న డ్యూటీ దిగాక డ్రైవరన్నని డిపో రెస్టురూములో కూర్చోబెట్టి, అరటిబోదె ముక్క ఒకటి బల్ల మీద పెట్టాను. మొదటిది విరుస్తూ ఆయన వేలు కోసుకున్నాడు. తరవాత రుమాలు చుట్టి, అంపూల్ మెడ మీద చుక్కని తనవైపు తిప్పుకుని, బొటనవేలితో అవతలికి నొక్కితే టప్ మని విరిగింది. సగం గీత దాకా లాగడం, గాలి బుడగ పైకి తట్టడం, బోదెలో దించడం. డబ్బా మూత తీసిన దగ్గర నుంచీ మొదటిసారి రెండు నిమిషాలు దాటింది. ఎనిమిదోసారికి 50 సెకన్లు. తరవాత ఆయన నన్ను కళ్ళు మూసుకుని పడిపోయినట్టు ఉండమన్నాడు, నేను పడుకున్నాను, నా ప్యాంటు మీద సిరంజి మూతతోనే చోటు వెతికి పెట్టాడు. సరైన చోటే.

చెల్లెమ్మా, పుస్తకం మొదలుపెట్టాను. మోకాలి నొప్పికి అప్పుడప్పుడూ మాత్ర వేసుకుంటాను. టెక్కలి రోజు పొద్దున వేసుకున్నట్టే గుర్తు, మిగతా రెండుసార్లూ గుర్తు రావట్లేదు. అదీ రాసుకున్నాను, శనివారం డాక్టరుకి చూపిస్తాను. అప్పటిదాకా ఆ మాత్ర ముట్టుకోను. రాత్రి మా ఆవిడ చేపల పులుసు పెట్టింది. తిన్నాను.

రేపు మళ్ళీ పలాస సర్వీసే. డబ్బా అన్నం సంచీలో, ఇంజనుకి దూరంగా, నా సీటు కింద పెడతాను. డ్రైవరన్నకి తెలుసు.